యాదగిరి గారి నలభై ఒక్క ఫైళ్లు

మా కర్మాగారంలో నా సీనియర్ యాదగిరి గారు గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త సోమవారం ఉదయం, ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కుతుండగా నా చెవిని పడింది. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను: ఆ దిగ్భ్రాంతిలో నాకు మొదట స్ఫురించినది, పరీక్షా యంత్రపు సాఫ్ట్‌వేర్‌ను ఇక ఎవరు కూర్చగలరన్న ప్రశ్నే. దాని కంప్యూటర్ శనివారమే కాలిపోయింది.

నాచారంలోని మా కర్మాగారంలో గ్యాస్ సిలిండర్ల వాల్వులు తయారవుతాయి. పరీక్షించని వాల్వు గేటు దాటితే ఎవరి వంటింటికి ముప్పో చెప్పలేము. వాటిని పరీక్షించే ఆ యంత్రం పాతది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మరీ పాతది. కంప్యూటర్ మార్చిన ప్రతిసారీ దాన్ని మొదటి నుండి నిర్మించాలి. అందుకు సన్నాహం చేయవలసిన స్క్రిప్ట్, అంటే ఆదేశాల వరుస, ప్రతిసారీ మధ్యలోనే చేతులెత్తేస్తుంది. అప్పుడు యాదగిరి గారు చిల్కానగర్ నుండి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, నలభై ఒక్క ఫైళ్లను ఒక్కొక్కటిగా స్వహస్తాలతో కంపైల్ చేసేవారు, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేవారు. ప్రతి ఆదేశాన్నీ నోటుపుస్తకంలో రాసేవారు; తప్పినదాన్ని చెరపక, ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసేవారు.

ఒకసారి విసుగెత్తి, స్క్రిప్ట్ ఏ తనిఖీ దగ్గర ఆగిందో దాన్నే తొలగించాను. సాఫ్ట్‌వేర్ తయారైంది, పగిలిన వాల్వును సైతం ఉత్తీర్ణం చేసింది.

"ఏంది తమ్మీ, కుక్క మొరుగుతుందని మూతి గట్టినవా? దొంగ పోయిండా మరి?" అన్నారు యాదగిరి గారు. "ఎందుకు ఆగిందో అదే లోపల చిట్టాల రాసిపెడ్తది. తిట్టుడు బంద్ జేసి జర సదువు."

మరోసారి ఫైళ్లన్నీ సిద్ధమైనా, వాటిని ఒక్కటిగా కలిపే చివరి కూర్పు విఫలమైంది. ఫైళ్లకు కావలసిన సిద్ధ కోడ్‌ను అందించే లైబ్రరీని, దాని అవసరమున్న ఫైళ్లకంటే ముందు పేర్కొనడమే నా తప్పు.

"అడిగేటోడు ముందు, ఇచ్చేటోడు ఎన్క. ఎవ్వరు అడగకముందే వచ్చి నిలవడ్డోడు ఎవనికిస్తడు?"

"మరి మీరెక్కడ ఉంటారన్నా?"

"నీ ఎన్కనే ఉన్న గద. నువ్వు అడిగితే గద!"

అంత్యక్రియల మర్నాడు ఆయన సొరుగులోని నోటుపుస్తకం తెరిచాను. ఆయనకు ఒక్క పూట పట్టే పని నాకు మూడు రోజులు పట్టింది. ముప్పై ఎనిమిదో ఫైలు వద్ద, పుస్తకంలో లేని దోషం ఎదురైంది. చిట్టా ఆసాంతం చదివాను. తప్పిన ఆదేశానికి ఒక్క గీత కొట్టి, ఆయన దస్తూరీ కింద నా దస్తూరీతో కారణం రాశాను. ఆ సహనమూర్తికి నేను సమర్పించగలిగిన నివాళి ఆ ఒక్క పంక్తే.

చివరి ఆదేశంలో అడిగేవాటిని ముందు, ఇచ్చేదాన్ని వెనుక నిలిపాను. యంత్రం పగిలిన వాల్వును తిరస్కరించింది.

"చూడండన్నా" అంటూ అలవాటు చొప్పున వెనక్కి తిరిగాను. అడిగేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.