అరికాలి చుక్క

నలభై దాటాక నా కుడి అరికాలి మీద నల్లటి మచ్చ లేచింది. అమ్మ చూసి మురిసిపోయింది. "చంటిపిల్లలకు దిష్టి తగలకుండ మనం కాటుక చుక్క పెడతం. నీకు దేవుడే పెట్టిండు బిడ్డా" అంది. దేవుడు పెట్టినదాన్ని ఎవరు అనుమానిస్తారు? అది పెరిగి, అంచులు చెదిరి, నెత్తురు కారేదాకా చూస్తూ కూర్చున్నాం. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. మడమ దగ్గర కోసి, తొడ చర్మం తెచ్చి అతికారు. మెలనోమా అన్నారు, చర్మానికి వచ్చే క్యాన్సర్.

ఆ మాట మాత్రం మా ఇంట్లోకి రాలేదు. అమ్మ పోయాక ఇంట్లో అక్కదే రాజ్యం. "తథాస్తు దేవతలు తిరుగుతుంటరే, గా మాట నోట్లకెళ్ళి రానియ్యకు" అని కట్టడి చేసింది. అడిగినవాళ్ళందరికీ అది 'కాలి పుండు'.

కొన్నేళ్ళకు కుడికంట్లో మసి పలుకులు తేలడం మొదలైంది. అల్వాల్‌లో మా ఇంటి వరండాలోనే నా పని: జాకెట్లకు హుక్కులు, కాజాలు, చీరలకు ఫాల్సు. సూదిలోకి దారం ఎక్కకపోతే నాకు పూట గడవదు. శుక్లమేమోనని అక్క నన్ను ఆటో ఎక్కించి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అమ్మా?" అని డాక్టరు నన్నడిగితే అక్క అందుకుంది.

"ఏం లేవు సార్. షుగర్ సుత లేదు. కాలికి పుండైతే కోసిండ్రు, గంతే."

అక్క ముందు నేను నోరు తెరిచిన రోజు ఏది! కంటి లోపల వాపు అనుకుని ఆయన చుక్కల మందు రాశాడు. వారాల తరబడి వేశాం. మసి తగ్గకపోగా తెర కట్టింది. కంటి లోపలి జిగురు కొంచెం తీసి పరీక్షకు పంపుదామన్నాడు.

ఆపరేషన్ గది బయట చెప్పులు విడిచి, లోపల బల్ల మీద పడుకున్నాను. డాక్టరు నా పాదాల దగ్గర ఆగాడు. అతికిన చర్మం చూసి, "ఇది పుండు కాదే. ఇక్కడేం తీశారమ్మా?" అన్నాడు. అక్క బయటే ఉంది. చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. "మొదటిరోజే చెప్పాల్సింది" అని మాత్రం అన్నాడు.

కాలిలో పుట్టిన జబ్బే కంట్లో తేలిందని రిపోర్టు వచ్చింది. రేడియేషన్ ఇచ్చారు, సెలైన్‌లో మందు ఇప్పటికీ ఎక్కిస్తున్నారు. ప్రాణం నిలిచింది, కుడికంటి చూపు రాలేదు. అక్క మీద ఒళ్ళు మండింది, ఇంకా మండుతుంది. ఇప్పుడేమో ఏ ఆస్పత్రికి పోయినా, కౌంటర్ దగ్గర ఎవరూ అడగకముందే "మా చెల్లెకు క్యాన్సర్" అని గొంతెత్తి చెప్పేది అక్కే.

మొన్న అక్క మనవరాలిని తొట్టెలలో వేశారు. కాటుక భరిణె తెచ్చి, పిల్ల కాలు పట్టుకుని అక్క ఆగిపోయింది.

"వద్దులే ఈ చుక్క" అంది.

"కాటుకేం పాపం జేసిందక్కా, ఇటు దే" అని పిల్లను ఒళ్ళో వేసుకున్నాను.

ఒంటికంటికి దూరం తెలియదు. పాదం అందిందనుకున్నాను, వేలు గాలిలోనే ఆగింది. మళ్ళీ ప్రయత్నిస్తే కాటుక పిల్లకు చుట్టిన దుప్పటికి అంటింది. ఎవరూ నవ్వలేదు. అక్క నా మణికట్టు పట్టుకుని, వేలిని తీసుకెళ్ళి పిల్ల అరికాలికి ఆనించింది. చుక్క పడ్డాక కూడా నా చెయ్యి వదలలేదు.