ముత్తమ్మ అడుగుల మట్టి

మా వాడకట్టు వాళ్ళు ముత్తమ్మ అడుగుల కింది మట్టిని ఏడేళ్ళపాటు ఎత్తుకుపోయారు. ఆమెను మంత్రగత్తె అన్నారు. ఆమె ఊరు విడిచి వెళ్ళేదాకా ఆపలేదు.

నేను చెప్పబోయేది నిజంగా జరిగింది. పోయిన వానాకాలం, పెన్‌పహాడ్ దగ్గరి మా ఊళ్ళో, నాకే జరిగింది. ఇందులో ఒక్క ముక్క కల్పించినా రేపటి నుంచి నా కళ్ళద్దాలు నాకు పనికిరాకుండా పోనీ. బడి మొహం చూడనివాణ్ణి. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోస్తూ, బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. నాకు కళ్ళద్దాలంటే ప్రాణం.

ముత్తమ్మ ఒంటరి ఆడమనిషి. తేలు కుట్టినా, కామెర్లు వచ్చినా ఆకు నూరి ఇచ్చేది. ఎవరిదో బర్రె పాలివ్వడం మానేసింది. అంతే... మంత్రగత్తె అయిపోయింది. ఆ తర్వాత ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ఆమె వెనకే నడిచేవారు. అడుగు పడిన చోట పిడికెడు మట్టి తీసి, ఉప్పూ మిరపకాయలూ కలిపి, పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేవారు. మిరపకాయల ఘాటు రాకపోతే ఆమె కన్నే తగిలిందని తీర్పు.

దాంతో ఆమె ఒక వేప మండను వెనక ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. అడుగులు చెరిగిపోవాలని. సర్... సర్... ఆ చప్పుడు వింటే వీధిలో తలుపులు మూసేవాళ్ళు.

"ఏందమ్మా ముత్తమ్మా, గీ మండేంది?" అని ఒకసారి అడిగాను.

"మీకు ఒంగే కష్టమెందుకన్నా... నేనే ఊడ్సుకుంట పోతున్న" అంది. నవ్వింది కూడా.

నేను అందరినీ తిట్టాను. మంత్రాల్లేవు, గింత్రాల్లేవు అని పంచాయతీ అరుగు మీద నిలబడి అరిచాను. అలాంటి నేనే... మనుమడు మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతుంటే, తెల్లవారకముందే వెళ్ళి ఆమె గడప దగ్గర ఒంగాను. మట్టి తీశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మర్నాడు సూర్యాపేట దవాఖానలో సూదిమందు పడ్డాక జ్వరం తగ్గింది. ఆ నెలలోనే ముత్తమ్మ కోదాడలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళయింది.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి. వాన అప్పుడే వెలిసింది. కరెంటు లేదు. చూరు నుంచి చుక్కలు... టప్... టప్... వాటి మధ్య ఇంకో చప్పుడు.

సర్... సర్...

నా భార్యను లేపాను. "విన్నవా?"

"కుక్కేదో కవరు గుంజుతున్నది, పండుకో. గన్ని పుస్తకాలు సదివినోనివి, గిట్ల వణుకుతవేందయ్యా?" అని అటు తిరిగి పడుకుంది.

చప్పుడు దగ్గరికొచ్చింది. మా గుమ్మం ముందు... ఆగింది.

తలుపు తీశాను. ఫోను లైటు వేశాను. మా వీధికి ఇంకా సిమెంటు పడలేదు. తడి బురద. ఆ బురదలో జానెడు వెడల్పున ఊడ్చిన చార... ముత్తమ్మ ఇంటి వైపు నుంచి మా గడప దాకా. ఒక్క అడుగు గుర్తు లేదు. కుక్కదీ లేదు. పచ్చి వేపాకు వాసన...

భయపడాల్సింది. కానీ ఏడుపొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. అయినా అన్నాను.

"ముత్తమ్మా... నేను గూడ తీసిన. మనుమనికి జ్వరమొస్తే నీ గడప కాడ మట్టి తీసిన. తప్పైంది చెల్లె..."

 చూరు చుక్కలు ఆగినట్టనిపించింది. తర్వాత... సర్... వెనక్కి మళ్ళింది. మెల్లగా. అలసిపోయిన మనిషి నడిచినట్టు. లైటు అటే పట్టుకున్నాను. బురద కదలలేదు. చప్పుడు మాత్రం దూరమైపోయింది.

తెల్లారేసరికి మళ్ళీ వాన పడి చార కొట్టుకుపోయింది. ముత్తమ్మ కూతురు యాదమ్మకు ఫోను చేశాను. "మీ ఊరోళ్ళతో నాకు మాటల్లేవు" అని పెట్టేసింది. కోపం న్యాయమే. మళ్ళీ మళ్ళీ ఒకే మాట పంపాను, మీ అమ్మ ఎట్లున్నది బిడ్డా అని. మట్టి సంగతి చెప్పలేదు. ఆ రాత్రి సంగతీ చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

ఆమే వచ్చిందో, నా తప్పే అలా వినిపించిందో... ఈనాటికీ తెలియదు. తొమ్మిదో రోజు యాదమ్మ గొంతు ఫోనుకు మెసేజిగా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"అమ్మ రెండేళ్ళ నుంచి మంచం దిగలేదు మామా. మాట కూడా సరిగా రాదు. నువ్వు అడిగినవని చెప్తే ఒక్కటే అడిగింది... నీ మనుమడికి జ్వరం తగ్గిందా అని."