మాస్టారు చూడని ఫ్రెంచి పల్లె

మా వీధి చివరింట్లో ఉండే ఫ్రెంచి మాస్టారు మంగళవారం ఉదయం పోయారు. గుండె ఆగిందని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఆంధ్రాలో ఒక కాలేజీలో ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. తర్వాత కూతురు గ్రీన్ కార్డ్ చేయిస్తే అమెరికాలో ఈ ఆష్‌బర్న్ వచ్చారు.

ఆయనకి ఒకటే ధ్యాస. ఫ్రాన్స్‌లో పేరుమోసిన రచయితల తాతముత్తాతలు ఏ ఊరివాళ్లు, ఏం పండించారు అని. తనూ రైతు ఇంటివాడే. "పుస్తకం అచ్చయ్యేది పారిస్‌లో. వాక్యం మాత్రం పొలంలోంచి వస్తుంది" అనేవారు. విలేకరిని కదా, నేను ఆధారం అడిగితే, "మీ విలేకర్లతో ఇదే గొడవ" అని నవ్వి, ఆధారం చూపించేవారు.

పార్టీల్లో కుర్రాళ్లు ప్రాజెక్టులు, వీసాలు మాట్లాడుకుంటుంటే మధ్యలో కుర్చీ వేసుకునేవారు.

"ఏ ఊరు బాబూ?"

"హైదరాబాద్ అండి."

"మీ నాన్నగారిది?"

"హైదరాబాదే."

"తాతగారిది?"

"కామారెడ్డి దగ్గర. మక్కలు వేసేటోళ్లు."

"ఇంత లాగితే గానీ చెప్పవన్నమాట."

ఆయన నాకు ఎక్కువగా చెప్పింది ఒక మహా నవలాకారుడి గురించి. తాత నైరుతి ఫ్రాన్స్‌లో ఒక పల్లె రైతు. తండ్రి ఊరు వదిలి పారిస్ చేరి ఇంటిపేరు మార్చుకున్నాడు. కొడుకు దానికి జమీందారీ తోక తగిలించాడు. "ఆ ఊళ్లో ఓసారి నడిచి రావాలి రిపోర్టరు గారూ. ఇంకేం అక్కర్లేదు" అనేవారు మాస్టారు.

నిరుడు వేసవిలో హైదరాబాద్ ప్రయాణానికి కూతురు పారిస్ మీదుగా టికెట్లు బుక్ చేసింది. మధ్యలో మూడు రోజుల మజిలీ, ఆ పల్లె దాకా రైలు, దగ్గర్లో గది. తనది అమెరికా పాస్‌పోర్ట్. నాన్నకి గ్రీన్ కార్డ్ ఉంది, చాలనుకుంది. కానీ ఆయనది ఇండియా పాస్‌పోర్ట్. ఫ్రాన్స్‌లో అడుగు పెట్టాలంటే వీసా కావాలి. ఇక్కడ విమానం ఎక్కేటప్పుడు ఎవరూ అడగలేదు. పారిస్ ఎయిర్‌పోర్టులో అధికారి ఆ సంగతి చెబితే, మాస్టారే ఫ్రెంచిలో విని కూతురికి తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"ఆయన సరిగానే చెబుతున్నాడమ్మా" అన్నారట.

అదే రోజు సాయంత్రం హైదరాబాద్ ఫ్లైట్‌కి టికెట్లు మార్చుకున్నారు. తిరిగొచ్చాక వీసాకి అప్లై చేద్దామంటే, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. ఆ వచ్చే ఏడు ఇదే.

అంత్యక్రియలయ్యాక కూతురు నా పక్కన కూర్చుంది. "ఆ వీసా గురించి ఒక్కసారైనా విసుక్కోలేదు అంకుల్. తిట్టినా బాగుండేది."

ఆ రోజు పారిస్ ఎయిర్‌పోర్టులో సాయంత్రం దాకా ఏం చేశారని అడిగాను.

"అద్దాల గోడ దగ్గర నిలబడ్డారు. రన్‌వే అవతల గోధుమ చేలు. కోతలు జరుగుతున్నాయి. కూర్చో నాన్నా అంటే, ఆ చేను కోయడం అయిపోనీ అన్నారు."

"అయిందా?"

"లేదు. బోర్డింగ్‌కి పిలిచేటప్పటికి ఒక మూల ఇంకా మిగిలే ఉంది."