ఏడుగురు పిల్లలు, తొమ్మిది గడులు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. మా ఇల్లు బాగుచేయించడానికి పట్టిన రోజులు రెండు వందల పదకొండు. అన్ని రోజులూ ఇంట్లో ఇంటర్నెట్ లేదు. పగిలిన టైల్స్ పదహారు. ఓడలో తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు తొమ్మిది. నా భార్య సత్యవతి ఆన్‌లైన్‌లో తెలుగు రాయడం, చదవడం నేర్పుతుంది. ఆమె క్లాసులో పంతొమ్మిది మంది పిల్లలుండేవారు. పన్నెండు మంది మానేశారు. మిగిలింది ఏడుగురు.

నేను చదివింది ఎనిమిదో తరగతే. కానీ గోడ చూసి ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పగలను. పోర్ట్ బ్లెయిర్‌లో కాంట్రాక్టర్లకు ఆ లెక్కలు కడుతూనే ఇరవై ఆరేళ్లుగా బతుకుతున్నాను. తప్పుడు అంకె చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే ఇది కట్టుకథ అనుకోకండి. అనుమానముంటే మిడిల్ పాయింట్‌లో మా ఇంటికి రండి... హాలు గోడలో ఆ చోటు చూపిస్తాను.

అది ఆదివారం. సోమవారం సాయంత్రం ఆరింటికి క్లాసు మొదలుకాకపోతే ఈ ఏడుగురినీ వేరే చోట చేర్పిస్తామని తల్లిదండ్రులు చెప్పేశారు. వాళ్ల తప్పేమీ లేదు. ఏడు నెలలు ఆగారు. మా ఇల్లు పల్లంలో ఉంటుంది. ఫోన్ సిగ్నల్ రెండు గీతలు. వీడియో పెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. కాబట్టి ఫైబర్ రావాలి. రాకపోతే క్లాసు లేదు.

లైన్‌మన్ సెల్వం శనివారమే కొత్త ఇంటర్నెట్ పెట్టె ఇచ్చాడు. "ఆఫీసులో లైను చాలూ కర్‌దియా భయ్యా. సోమవారం వచ్చి చెక్ చేస్తా" అన్నాడు. నేను ఆగలేదు. ఆదివారం రాత్రి ఏడింటికి గోడలోంచి వచ్చిన తీగ పెట్టెకు తగిలించాను. ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. అంటే లైను రావడం లేదన్నమాట. సరిగా పరీక్షించాలని ఇద్దరి ఫోన్లలోనూ మొబైల్ డేటా ఆపేశాను. నా ఫోన్‌లో ఆ రోజుకు మిగిలిన డేటా ఎంతో కాగితం మీద రాసుకున్నాను. అది నా అలవాటు.

"ఏవండీ, దాన్నలా చూస్తూ కూర్చుంటే వెలుగుతుందా? అన్నానికి రండి" అంది సత్య.

"నిమిషానికి ఎన్నిసార్లు ఆరుతుందో లెక్కపెడుతున్నాను."

"ఎన్నిసార్లు?"

"అరవై."

"మంచిది. చారు చల్లారిపోతోంది."

ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకు... ఎర్ర లైటు ఆరింది. మళ్లీ వెలగలేదు. పక్కన పచ్చ లైటు వెలిగింది. ఒకటి... రెండు... మూడు. మూడూ నిలకడగా.

నేను కంచం ముందునుంచి లేచిపోయాను. సత్య చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. లాప్‌టాప్ తెరిచాం. సెల్వం పెట్టిచ్చిన మా పాత వైఫై పేరే కనిపించింది. వేగం చూశాను, కట్టిన ప్లానుకు తగ్గలేదు. సత్య చిన్నపిల్లలా గెంతింది. వెంటనే తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెట్టింది. నెట్ వచ్చింది, పిల్లల్ని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, చూసుకుందాం అని.

వచ్చారు. అరుపులు, నవ్వులు. ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఫెరార్గంజ్ నుంచి కార్తీక్ అనే కుర్రాడు తెర నిండా ముఖం పెట్టేశాడు.

"రేపు మొదటి పాఠం, ఎవరి పేరు వాళ్లు తెలుగులో రాయడం" అంది సత్య.

"ఆంటీ, మేరా నామ్ బహుత్ లంబా హై. సగం రాస్తే చలేగా?"

"సగం పేరుకి సగం మార్కులేరా."

అందరూ నవ్వారు. నేను వెనక నిలబడి తెరమీద గడులు లెక్కపెట్టాను. పిల్లలు ఏడుగురు. మాది ఒకటి. ఎనిమిది ఉండాలి.

తొమ్మిది ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాను. వేలితో. తొమ్మిది. చివరి గడి నల్లగా ఉంది. పేరు లేదు. కానీ మైకు తెరిచి ఉంది... అందులోంచి సన్నగా చప్పుడు వస్తోంది. రేకుల మీద వాన చప్పుడు.

"ఎవరింటి దగ్గర వాన పడుతోంది?" అని అడిగాను.

"ఇక్కడ లేదు అంకుల్" అన్నాడు కార్తీక్. మిగతా ఆరుగురూ లేదన్నారు. నేను కిటికీ తెరిచి చెయ్యి బయట పెట్టాను. పొడిగా ఉంది. ఆకాశంలో చుక్కలు.

వాన చప్పుడు పెరిగింది. పిల్లలు ఒక్కసారిగా మాటలాపేశారు. ఏడు ముఖాలూ తెరకేసి చూస్తున్నాయి. ఎవరూ కదలడం లేదు. బిగుసుకుపోయిందేమో అనుకున్నాను... కాదు. ఒక పాప రెప్ప వేసింది.

అప్పుడు ఆ నల్ల గడిలోంచి ఎవరో ఊపిరి పీల్చారు. పొడుగ్గా. మాట కూడదీసుకుంటున్నట్టు.

"అమ్మగోరూ..."

పిల్ల గొంతో, ముసలి గొంతో ఈనాటికీ చెప్పలేను.

"...నా పేరు కూడా రాయడం నేర్పుతారా?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. సత్య మాత్రం టీచరు. పాఠం అడిగిన వాళ్లకు కాదనడం ఆమెకు తెలియదు.

"నేర్పుతాను. రేపు ఆరింటికి రా. నీ పేరేమిటి?"

వాన... వాన... ఒక్క క్షణం వాన ఆగింది. ఏదో అనబోయినట్టు చిన్న శబ్దం...

లైన్ పోయింది. పెట్టె మీద ఎర్ర లైటు. ఎనిమిది గంటల యాభై తొమ్మిది నిమిషాలు. అంటే నలభై ఏడు నిమిషాలు నెట్ వచ్చింది. నా ఫోన్ చూశాను. మొబైల్ డేటా ఆపే ఉంది. కాగితం మీద రాసిన అంకెలో తేడా లేదు.

సోమవారం మధ్యాహ్నం సెల్వం వచ్చాడు. తీగలోకి ఎర్ర కాంతి పంపే చిన్న టార్చి తెచ్చాడు. తీగ ఎక్కడ తెగితే అక్కడ కాంతి బయటపడుతుందట. లైట్లన్నీ ఆపి, కిటికీలు మూసి చూశాం. హాలు గోడలో, కొత్త పుట్టీ వెనక, ఎర్రగా ఒక చుక్క వెలిగింది. తవ్వాం.

తీగ రెండు ముక్కలై ఉంది. పైన ఒక పక్క విచ్చుకున్న నల్ల టేపు. మేస్త్రీ తాతారావుకి ఫోన్ చేశాను.

"అవును బాబూ, గోడ కొడతంటే తెగిపోనాది. కరెంటు తీగలాగే మెలేసి, టేపు సుట్టి, పుట్టీ పెట్టేసినాను. గట్టిగానే సుట్టినాను బాబూ!"

సెల్వం నెత్తి కొట్టుకున్నాడు. "అరే, లోపల రాగి కాదు, యే గాజు హై! మెలేస్తే పనిచేస్తుందా?"

టేపు విప్పాడు. లోపల కొసలు తగిలి కూడా లేవు. నేను కొలత టేపు పెట్టి కొలిచాను. మధ్యలో నాలుగు సెంటీమీటర్ల ఖాళీ.

"నిన్న రాత్రి నలభై ఏడు నిమిషాలు వచ్చింది" అన్నాను.

"భయ్యా, పక్కింటివాళ్ల వైఫై పట్టుకుని ఉంటుంది."

"మా వైఫై పేరే చూపించింది. పచ్చ లైట్లు మూడు."

సెల్వం నవ్వలేదు. నా కొలత టేపు తీసుకుని ఆ ఖాళీ మళ్లీ కొలిచాడు. తర్వాత గాజు తీగలు అతికే మిషన్ తీసి కొసలు అతికించాడు. నాలుగున్నరకు లైను వచ్చింది.

ఆరింటికి క్లాసు మొదలైంది. ఏడుగురూ వచ్చారు. గడులు ఎనిమిది. సత్య పాఠం ఆపి చాలాసేపు చూసింది. తొమ్మిదోది రాలేదు.

నేను ఊరుకోలేదు. ఏడిళ్లకూ ఫోన్ చేశాను, రెండో ఫోన్ ఎవరూ పెట్టలేదన్నారు. మానేసిన పన్నెండు ఇళ్లకూ చేశాను. లేదు. పిల్లల్ని అడిగితే ఆ గొంతు విన్నామన్నవాళ్లు నలుగురు, వాన మాత్రమే విన్నామన్నవాళ్లు ముగ్గురు.

మానేసినవాళ్లలో నలుగురు తిరిగి వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. అందరికీ తమ పేర్లు రాయడం వచ్చు, కార్తీక్‌కి కూడా, పూర్తిగా. సత్య మాత్రం క్లాసు అయ్యాక పిల్లల్ని పంపించి, తెర మూయకుండా రెండు నిమిషాలు కూర్చుంటుంది. నేనూ వెనక నిలబడతాను. భయం లేదని చెప్పను. కానీ నిజం చెప్పాలంటే, ఆ రెండు నిమిషాల్లో ఆ నల్ల గడి మళ్లీ రావాలనే ఉంటుంది.

నిన్నటికి అరవై నాలుగు క్లాసులయ్యాయి. నేర్పుతానని మాటిచ్చి ఇంకా నేర్పని పేర్లు: ఒకటి.