కాదనడం నేర్పిన మా బావ

మా బావ పోయారన్న కబురు నాకు చిక్కబళ్ళాపురం కోర్టులో అందింది. నేను ఒక సాక్షిని ప్రశ్నలు అడుగుతున్నాను. గుమాస్తా వచ్చి మేజిస్ట్రేటుగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన కలం కింద పెట్టి లేచి నిలబడి, చింతామణి నుంచి ఇలా కబురు వచ్చిందని చెప్పి, ఆ పూటకి కోర్టు మూసేశారు. మా అక్క గురించి, పిల్లల గురించి నాకు కాస్త ఆగి తోచింది. ముందు తోచింది మాత్రం, నేను పోతే ఈ కోర్టు ఒక పూటైనా మూస్తారా అని. బావ మీద నా కుళ్ళు అలాంటిది. మనిషి పోయాక అది కూడా పోయిందని రాస్తే, మీరు నమ్మినా ఆయన నమ్మరు.

ఇద్దరమూ మద్రాసులోనే లా చదివాం. మార్కులు నాకే ఎక్కువ. మా అక్కను చేసుకున్నాక ఆయన మా చింతామణిలోనే వకీలుగా కుదురుకున్నారు. ఒకే వీధిలో ఆయన ఇల్లు, నా ఇల్లు. తెల్లారేసరికి ఆయన అరుగు మీద జనం తలపాగాలు విప్పి కూర్చుని ఉండేవారు. నా అరుగు మీద మా కుక్క పడుకునేది. నాకు కావలసింది పెద్ద పేరేమీ కాదు. మా నాయన ఒక్కసారి, నలుగురిలో, "మావోడు చూసుకుంటాడులే" అంటే చాలనుకునేవాణ్ణి.

యుద్ధం వచ్చి తిండిగింజల మీద కంట్రోలు మొదలయ్యాక రూళ్ళు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండేవి కావు. అవన్నీ కన్నడంలో, ఇంగ్లీషులో వచ్చేవి. మా బావ వాటిని చదువుకుని బాగేపల్లి సంతకు పోయి, శనక్కాయల మూటల మధ్య కూర్చుని బండ్లవాళ్ళకు తెలుగులో చెప్పేవారు. "మీరు మారలేదప్పా, రూలు మారిండాది. మొన్న మంచిబండి, ఈ పొద్దు తప్పుబండి" అనేవారు. పోలీసుల ముందర ఒప్పుకున్నది కోర్టులో పనికిరాదనీ, కేసు విచారించే అమల్దారు ముందర ఒప్పుకుంటే మాత్రం అక్కడితో సరి అనీ ఆయనే వాళ్ళకు విడమరిచి చెప్పింది. నేనూ ఒక సంతలో ప్రయత్నించాను. సెక్షన్లు తప్పు లేకుండా చెప్పాను. వినేవాళ్ళు ఒక్కొక్కరే ఎద్దుల బేరానికి జారుకున్నారు.

మా పల్లెల్లో ఒక మర్యాద ఉంది. పంచాయితీలో పెద్దమనిషి అడగ్గానే చేతులు కట్టుకుని "తప్పాయె సామీ" అనాలి. అది ఒప్పుకోవడం కాదు. ఆ మాట అన్నాకే అసలు వాదన మొదలవుతుంది. దాన్ని ముందుగా ఎవరు అంటారో వాళ్ళే గౌరవస్తులు. పాపం, ఆ మర్యాదే కోర్టులోకీ తీసుకుపోయి, అమల్దారు అడగ్గానే "తప్పాయె" అనేసి, ఇక మన మాట చెబుదామని నోరు తెరిచేలోపల శిక్ష పడి బయటికొచ్చినవాళ్ళు ఎందరో.

ఆ పంచాయితీలు నడిపే పెద్ద మా నాయనే. మా మైసూరు సరిహద్దు అవతల, హిందూపురం పక్క పల్లెలో మా చెల్లెలు ప్రసవించింది. బాలింతకు పుట్టింటి రాగులు పంపడం మాకు వాడుక. పర్మిటు లేకుండా రాగులు మైసూరు సంస్థానం దాటించకూడదని కొత్త రూలు. నాయన బండి కట్టుకుని బయల్దేరాడు. బాగేపల్లి దాటాక ఒక బావి దగ్గర ఎద్దులకు నీళ్ళు పెడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. జామీను మీద ఇంటికి వచ్చి, నా గడప ముందు నుంచే నడిచి బావ ఇంటికి పోయాడు. నేను వాకిట్లోనే ఉన్నాను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

బావ నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని తానే అమల్దారై అడిగారు: "తప్పు ఒప్పుకుంటావా?"

"తప్పాయె సామీ" అన్నాడు నాయన, చేతులు కట్టుకుని.

"అట్ల కాదు మామా. లేదనండి."

"అంత పెద్దాయన అడిగితే మొగం మీదనే లేదనేది యెట్లప్పా?"

మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. నేను మధ్యలో దూరి చట్టం చెప్పబోయాను. "నువ్వుండప్పా" అన్నాడు నాయన. బావ మెల్లగా అన్నారు: "మామా, మీరు తప్పాయె అంటే అవి దొంగ రాగులైతాయి. బాలింత దొంగ రాగులు తినిందని వాళ్ళ అత్తగారింట్లో అంటారు. మీ ఇష్టం."

నాయన చేతులు విడిపోయాయి. మా నాయన ఎవరో నాకంటే బావకే బాగా తెలుసు.

కోర్టులో అమల్దారు "తప్పు ఒప్పికొళ్తీయా?" అని కన్నడంలో అడిగారు. "లేదు సామీ. నా కూతురికి నేను పెట్టుకునే తిండి, తప్పెట్లయితాది?" అన్నాడు నాయన, గోడలు వినేలా. తర్వాత బావ లేచి, బండి పట్టుకున్న బావి సంస్థానంలోనే ఉందనీ, సరిహద్దు రాయి ఇంకా చాలా దూరమనీ, అక్కడి నుంచి మనిషి మనసు మార్చుకుని వెనక్కి తిరగొచ్చుననీ చెప్పారు. "పొయ్యి అంటించకముందే సంగటి తిన్నావంటే యెట్ల?" అని అడిగారు. అమల్దారు నవ్వారు. కేసు కొట్టేశారు. రాగులూ బండీ తిరిగొచ్చాయి.

అదే రూలు నేనూ చదివాను. సంస్థానం దాటించకూడదన్న మాట నా కళ్ళ ముందే ఉంది. నాకు తట్టలేదు. బయటికి వచ్చాక నాయన నా భుజం మీద చెయ్యి వేస్తే మనసు పొంగింది. "మీ బావ కాడ కూచ్చోని నేర్చుకోప్పా" అన్నాడు.

నేర్చుకున్నాను. ఈ రోజు నేను ముద్దాయితో మొదట మాట్లాడేది కేసు గురించి కాదు, వాళ్ళ ఇంటి గురించి. అది ఆయన పెట్టిన భిక్షే. దానికి ఆయనకు దండం పెడతాను, పళ్ళు కొరుక్కుంటూనే పెడతాను.

ఆ రోజు చిక్కబళ్ళాపురం నుంచి బొగ్గుతో నడిచే బస్సు పట్టుకుని, బట్టలు కూడా మార్చుకోకుండా చింతామణికి చేరాను. వీధి పట్టనంత జనం. బాగేపల్లి పక్క బండ్లవాళ్ళు, బట్లహళ్ళి రైతులు, నేను ఎన్నడూ చూడని ఆడవాళ్ళు కూడా తమ ఇంటి మనిషి పోయినట్టు ఏడుస్తున్నారు. నాయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. నా గొంతు విని తడుముకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు.

"ఇంగ మనకేమన్నా అయితే యెవురప్పా దిక్కు? మన ఇంట్లో ఒక్క వకీలన్నా లేకపాయె" అని, నా నల్లకోటు చేతికి కళ్ళు తుడుచుకున్నాడు.