గాలి బుడగలో కేంద్రకం

మా స్కూల్లో ఆవిడ ఉల్లిపాయ టీచర్. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. చెప్పేది జీవశాస్త్రం. సంచిలో పుస్తకం ఉన్నా లేకపోయినా ఉల్లిపాయలు మాత్రం ఉండాల్సిందే. స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీ నాది. నేను లెక్కలు చెబుతాను, నోరు కాస్త పెద్దది. ఆవిడ సంచి తెరిచినప్పుడల్లా, "అక్కా, పాఠం చెప్పడానికొచ్చావా, కూర వండడానికొచ్చావా?" అనేదాన్ని. "నీ లెక్కలకి రోజూ ఏడుస్తున్నారుగా పిల్లలు, నా ఉల్లిపాయకీ ఓసారి ఏడవనీవే" అనేది.

తొమ్మిదో తరగతికి కణం పాఠం ఆవిడ చెప్పే తీరే వేరు. ముందు పుస్తకాలు మూయించేది. ప్రతి పిల్లా ఉల్లిపాయ లోపలి పొర తనే ఒలవాలి. గాజు పలక మీద నీటి బొట్టులో దాన్ని పరిచి, రంగు చుక్క వేసి, పైన పల్చటి గాజు బిళ్ల మెల్లిగా వాల్చాలి. సూక్ష్మదర్శినిలో చూడాలి. తర్వాత ఆవిడ కూడా వంగి చూసి, "ఊఁ, ఇదీ కణం. ఇక గీయి" అంటేనే పెన్సిలు పట్టాలి. చట్టం ఒక్కటే. కనిపించింది గీయాలి, కనిపించనిది పుస్తకంలో చూసి ఎంత ముచ్చటగా గీసినా సున్నా. హెడ్మాస్టరు గారి మనవరాలికీ పడింది ఆ సున్నా. ఆయన వచ్చి అడిగితే, "చూసి గీయమనండి, వేస్తాను" అంది.

నేను కొత్తగా చేరినప్పుడు నన్నూ ఆ ల్యాబులో పీట మీద కూర్చోబెట్టి చూపించింది. నల్లటి అంచుతో గుండ్రంగా మెరుస్తున్న వాటిని చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయి అక్కా కణాలు!" అన్నాను. పడీ పడీ నవ్వింది. "అవి గాలి బుడగలే పిచ్చిమొహమా! బిళ్ల దబ్బున పడేస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. కణాలైతే ఇటుకలు పేర్చినట్టుంటాయి, ఒక్కోదాంట్లో చుక్కలా కేంద్రకం ఉంటుంది. నీలాంటి మహానుభావులు ఏటా తగులుతూనే ఉంటారు నాకు." ఆ రోజు నుంచి బుడగకీ కణానికీ తేడా నేనెప్పుడూ మర్చిపోలేదు.

అలాంటి మనిషికి కళ్లు పోవడం మొదలైంది. మొత్తం పోలేదు, అదే దారుణం. ఎటు చూస్తే అటు సరిగ్గా నడిమధ్యలో ఓ మసక మచ్చ, దాని చుట్టూ మాత్రం కనిపిస్తుంది. మెట్లెక్కుతుంది, బస్సెక్కుతుంది, నా మొహం చూడాలంటే మాత్రం నా చెవి వైపు చూడాలి. "నీ చెవిపోగులు బాగున్నాయే, ముక్కెక్కడ పారేసుకున్నావు?" అని ఓ రోజు నవ్వించబోయి, తనే భోరున ఏడ్చింది.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. కంటి వెనక తెరలో నడుమ ఉండే కణాలు చచ్చిపోతున్నాయి, చచ్చినవి తిరిగి రావు. ఈవిడ ఆయనతో వాదానికి దిగింది.

"తెగిన చర్మం పూడుకోవట్లేదా? కాలేయంలో ముక్క కోసేస్తే మళ్లీ పెరగట్లేదా? కణం నుంచే కణం పుడుతుందని ఇన్నేళ్లుగా చెబుతున్నానండీ. వీటికి మాత్రం ఏం పోయేకాలం?"

"ఈ కణాలు విభజన చెందవమ్మా."

"తెలుసండీ. నేనే చెబుతాను ఆ ముక్క. పరీక్షలో కూడా ఇస్తాను."

బయటికొచ్చి బెంచీ మీద కూలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తెలిసి ఉండటం ఎంత పాపమే! తెలియకపోతే ఏ చుక్కల మందో నమ్ముకుని హాయిగా ఉండేదాన్ని."

ఆ మాటన్న మనిషే నెల తిరక్కుండా చుక్కల మందు నమ్ముకుంది. ఎవరో ఇచ్చిన సీసా, మూత మీద పేరు కూడా లేదు. వేసుకుంటే మంట, ఆ మంటే పనిచేస్తున్న గుర్తట. క్యారెట్టు రసం తాగి తాగి అరచేతులు పచ్చబడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "క్యారెట్టు తింటే చచ్చిన కణాలు లేచి రావని పిల్లలకి నువ్వే చెబుతావు కదా అక్కా!" అని అరిచాను. "చెబుతాను, పిల్లలకి" అంది, గ్లాసు దించకుండానే.

కళ్ల సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. "తెలిస్తే ల్యాబు తీసేసుకుంటారు. ఆఫీసు గదిలో ఓ మూల కూర్చోబెట్టి గంట కొట్టమంటారు. నాకు మొగుడా, పిల్లలా? ఆ గదొక్కటే కదే నాకున్నది! ఈ ఒక్క ఏడాదీ కణం పాఠం చెప్పనీ." అలా అడిగితే ఏ రాతిగుండె కాదంటుంది? పిల్లలకైనా చెప్పేయమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వినలేదు. వాళ్లని నడకను బట్టీ గొంతును బట్టీ పోల్చుకునేది. పాఠమంతా ఎలాగూ నోటికే వచ్చు.

కణం పాఠం రోజు రానే వచ్చింది. నాకు ఆ గంట ఖాళీ. జవాబు కాగితాలు దిద్దుకునే నెపంతో ల్యాబు గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. ఆవిడ ఒక్కో సూక్ష్మదర్శిని మీదా ఎప్పటిలాగే వంగింది, ఎప్పటిలాగే మరను అటూ ఇటూ తిప్పింది. "ఊఁ, ఇదీ కణం. ఇక గీయి." గొంతులో వణుకు లేదు. పిల్లలు మారుమాట లేకుండా పెన్సిళ్లు తీశారు. గండం గడిచినట్టే అనుకున్నాను.

చివరి బల్ల దగ్గర ఓ పిల్ల ఉంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని తోటి పిల్లలు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. ఆ పిల్ల పెన్సిలు తీయలేదు.

"టీచర్, నాకు కేంద్రకం కనిపించట్లేదు. లోపల ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఎందుకుంటుంది? మధ్యలో చుక్కలా ఉంటుంది, మళ్లీ చూడు."

చూసింది. "లేదు టీచర్."

"ఉంది. నేను చూశాను కదా. గీయి."

"కనిపించనిది గీస్తే సున్నా అన్నారు కదా టీచర్..."

"ఎదురు చెప్పకు! ఉంది అంటే ఉంది!"

ఆవిడ పిల్లల మీద గొంతెత్తడం నేను అంతవరకు వినలేదు. ఎందుకమ్మ కళ్లు తుడుచుకుంటూ గీయడం మొదలెట్టింది. నేను లేచి వెళ్లి చూద్దును కదా, కాగితం మీద గుండ్రటి సున్నాలు, ఒక్కోదానికీ దళసరి నల్లటి అంచు. వాటి నడుమ, పడీ పడనట్టు, ఒక్కో చుక్క. వంగి సూక్ష్మదర్శినిలో చూశాను. అన్నీ బుడగలే.

ఆవిడ చెవి దగ్గరికి వెళ్లి, "అక్కా, గాలి బుడగలు" అన్నాను.

ఆవిడ చెయ్యి బల్ల అంచు వెతుక్కుని పట్టుకుంది. నేనే గట్టిగా అందుకున్నాను. "పిల్లలూ, టీచర్ గారికి తలనొప్పిగా ఉంది. అందరూ గాజు పలకలు కడిగి, బిళ్ల మెల్లిగా వాల్చి మళ్లీ చూడండి!" ఆవిడ కాదనలేదు. కొళాయి దగ్గర తోసుకున్నారు, మళ్లీ పొరలు ఒలిచారు. ఎందుకమ్మ ఊపిరి బిగబట్టి బిళ్ల వాల్చింది, చూసింది, ఒక్క గంతేసింది.

"ఉంది టీచర్! మీరన్నట్టే మధ్యలోనే ఉంది! ఇందాక నేనే సరిగ్గా చూడలేదు, తప్పు నాదే. రండి టీచర్, చూడండి!"

ఆ 'తప్పు నాదే' అన్న మాట ఆవిడని నిలువునా కోసింది. నేను మోచేయి పట్టుకుని ఆపబోతే విదిలించుకుని వెళ్లి వంగింది. కంటిని ఆ గొట్టానికి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఈ ఒక్కసారికి కనిపించనీ అని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. తలెత్తేసరికి ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి.

"నాకు కనిపించట్లేదమ్మా," అంది. "ఇందాకా కనిపించలేదు. ఎవరిదీ కనిపించలేదు. నాకు కనిపించనిది ఉందని చెప్పి, నీకు కనిపించనిది నీ చేత గీయించాను. దానికి మన దగ్గర ఎంత?"

ఆ పిల్ల బిత్తరపోయి నా వైపు చూసింది.

"అడుగుతున్నాను కదా. ఎంత?"

"సున్నా, టీచర్," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆవిడ తడుముకుని ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. "ఏడవకు. నీకేం కనిపిస్తోందో నాకు చెప్పు."

ఎందుకమ్మ మళ్లీ వంగింది. "గదుల్లా ఉన్నాయి టీచర్, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. ఒక్కోదాంట్లో ఓ ముదురు చుక్క ఉంది."

"చుక్క చుట్టూ?"

"చుట్టూ అంతా తేటగా ఉంది."

"నాకూ అంతే తల్లీ," అంది. "ఇక గీయి."

తర్వాత సంచిలో చెయ్యి పెట్టి, ఉల్లిపాయల కింద నుంచి ల్యాబు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది, హెడ్మాస్టరు గారికి ఇచ్చేయమని.