మోగని అటుకుల డబ్బా

మా ఊరి తెలిపారా బజారులో మొబైల్ ఫోన్లు బాగుచేసే కొట్ల ముందు నుంచి నడుస్తుంటే సోల్డరింగ్ పేస్టు కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. కొంచెం తీపిగా, కొంచెం ఘాటుగా, గొంతులో సన్నగా గీసుకుపోయే వాసన. ఎవరికి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక వరండా, వర్షాకాలపు చెమ్మకు పచ్చబడ్డ గోడ, ఆ గోడకు ఆనుకుని కూర్చున్న మా అక్క సుజాత గుర్తొస్తాయి.

మా తాత కాలంలోనే శ్రీకాకుళం పల్లె వదిలి రైల్వే పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం మాది. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. వినాయక చవితి దగ్గర పడిందంటే కాలనీకి వేరే ప్రాణం వచ్చేది. సన్నటి తుంపరలో పందిరి గుంజలు పాతే చప్పుడు, వంటింట్లో ఉండ్రాళ్ళ పిండి ఉడికే ఆవిరి, మైదానంలో బురద కాళ్ళతో పిట్టూ అనే ఏడు పెంకులాట ఆడే పిల్లల కేకలు, వీటన్నిటి మీదుగా షెడ్ సైరను. నానమ్మ వరండాలో గొంతుక్కూర్చుని చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, మేం సోల్డరింగ్ చేస్తుంటే మాత్రం ముక్కు మూసుకునేది. "నా చుట్టే నయం. ఇదేటి కంపే?" అనేది.

మేం చేస్తున్నది గిటారు పెడల్. పక్క క్వార్టర్‌లో ఉండే గార్డు గారి భార్య, ఆయన రిటైరై ఊరు వదిలి వెళ్ళేటప్పుడు, తన దగ్గర గిటారు పాఠాలు నేర్చుకున్న అక్కకు వాళ్ళ పాత ఎలక్ట్రిక్ గిటారు ఇచ్చేసి వెళ్ళింది. అది మామూలుగా మోగితే అక్కకు చాలలేదు. తీగల ధ్వని చీలి గరగరమని గర్జించాలంటే గిటారుకూ స్పీకరుకూ మధ్య కాలితో నొక్కే ఒక చిన్న యంత్రం కావాలి. బిలాస్‌పూర్‌లో అప్పట్లో అది దొరికేది కాదు, దొరికినా నాన్న కొనడు. అందుకని రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఒక హిందీ ఎలక్ట్రానిక్స్ పత్రికలోని బొమ్మను నేను కాపీ చేసుకొచ్చాను. చచ్చిపోయిన రేడియోల్లోంచి రెండు ట్రాన్సిస్టర్లూ మిగతా సామానూ ఊడదీశాం. అవన్నీ బిగించడానికి నానమ్మ అటుకులు పోసుకునే స్టీలు డబ్బా అడక్కుండానే తీసుకున్నాం.

నాన్నకు ఇదంతా మొదటి నుంచీ గిట్టలేదు. అక్క పదకొండో తరగతి, మార్కులు తగ్గాయి. "చవితి ఎల్లేదాకా ఊరుకుంతాను. ఆ తరవాత ఆ గిటారు ఎవలికో ఒకలికి ఇచ్చీస్తాను" అన్నాడు ఒకరోజు డ్యూటీకి వెళ్తూ. నాన్న అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అక్క కూడా కాదు. ఆ సాయంత్రమే వెళ్ళి చవితి కార్యక్రమంలో తన పేరు రాయించుకుని వచ్చింది.

కార్యక్రమానికి ముందురోజు పందిట్లో రిహార్సల్. కాలనీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే శంకర్ అన్న మమ్మల్ని చూసి, "ఆడపిల్లలు హార్మోనియం పక్కన కూకుని భజన పాడుకోవాల గానీ, ఈ గోలేటి మీకు?" అన్నాడు.

"గోలే కావాల మాకు," అంది అక్క.

గిటారు బాగానే మోగింది. అక్క డబ్బా మీది స్విచ్ కాలితో నొక్కింది. అంతే, స్పీకరులో ఉన్న చప్పుడు కూడా పోయింది. మళ్ళీ నొక్కితే గిటారు, ఇంకోసారి నొక్కితే నిశ్శబ్దం. "అచ్ఛా, మౌనవ్రతం మిషనన్నమాట," అన్నాడు శంకర్ అన్న. పందిట్లో ఉన్న మగపిల్లలంతా నవ్వారు. అక్క ఎవరి వైపూ చూడలేదు. డబ్బా చంకలో పెట్టుకుని వాళ్ళ మధ్యలోంచే నడిచింది, పక్కకు తప్పుకోలేదు. నేను ఆమె వెనకే గిటారు మోసుకుంటూ నడిచాను.

మర్నాడు పొద్దున్నే వరండాలో కూర్చున్నాం. బ్యాటరీని నాలుకకు ఆనించి చూశాను, చుర్రుమంది, అంటే అది బతికే ఉంది. తీగ మార్చాం, గుణం లేదు. అనుమానం ఉన్న అతుకులన్నీ మళ్ళీ కరిగించి అతికాం, అయినా అంతే. "దీన్ని పట్టాల మీద పెట్టీసి వస్తాను," అంది అక్క.

"పెట్టుదువులే. ముందు చప్పుడు ఎక్కడిదాకా వస్తందో చూద్దాం," అన్నాను.

స్పీకరు బదులు మా టేపురికార్డరు పెట్టుకున్నాం. దానికి వెళ్ళే తీగ కొసకు చిన్న కెపాసిటర్ ఒకటి అతికించాను. అక్క గిటారు మీటుతూ ఉంటే, నేను ఆ కొసను లోపలి సర్క్యూట్‌లో గిటారు వైపు నుంచి ఒక్కొక్క చోటే తాకిస్తూ వెళ్ళాను. మొదటి ట్రాన్సిస్టర్ దగ్గర చప్పుడు ఉంది. రెండో దాని దగ్గర ఇంకా పెద్దగా, కోపంగా ఉంది. దాన్ని దాటి బయటికి వెళ్ళే సాకెట్ దగ్గర ఏమీ లేదు. సరిగ్గా చూద్దామని మొత్తం డబ్బాలోంచి ఊడదీసి పీట మీద పరిచాను. అక్క తీగ మీటింది. వరండా అదిరింది. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ డబ్బాలో బిగించాం. మళ్ళీ మూగ.

"బైట వాగతంది గదా, నా డబ్బా నాకిచ్చీండి," అంది నానమ్మ.

"డబ్బా లేకపోతే కాలేస్తే విరిగిపోద్ది నానమ్మా," అంది అక్క. అంటూనే కాలితో నొక్కే స్విచ్ ఊడదీయబోయి, నట్టు తిప్పింది. నట్టుతో పాటు లోపల స్విచ్ కూడా తిరగడం నాకు కనిపించింది. బిగించిన ప్రతిసారీ అలా తిరిగి, దాని వెనకున్న చిన్న రేకు డబ్బా గోడను తాకుతోంది. మా చప్పుడంతా ఆ ఇనుములోకే పోతోంది, బయటికి రావడం లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కోసి, రేకుకూ గోడకూ మధ్య పెట్టాం. స్విచ్‌ను కదలకుండా పట్టుకుని నట్టు బిగించాం. మూత వేశాం. అక్క నొక్కింది. డబ్బా గర్జించింది.

ఆ సాయంత్రం అక్క నానమ్మ కూనిరాగం తీసే దంపుడు పాట బాణీ ఎత్తుకుంది. మొదట మెల్లగా వాయిస్తే ఆడవాళ్ళు తలలూపారు. తర్వాత కాలితో నొక్కింది. పందిరి రేకులు గలగలలాడాయి, చిన్నపిల్లలు చెవులు మూసుకుని ఎగిరారు. పండగ జరిపిస్తున్న తెలుగు సంఘం కార్యదర్శి లేచి, తగ్గించమని సౌండ్ పెట్టె దగ్గరున్న అబ్బాయికి సైగ చేశాడు. ఆ అబ్బాయి చెయ్యి మీట మీదికి వెళ్ళేలోగా నానమ్మ వెళ్ళి అతని ముందు చాప మీద కూలబడింది.

"ఒరే బాబూ, చెయ్యి తీ. నా పాట ఇంకా అవనేదు."

అతను చెయ్యి తీశాడు. అక్క చివరిదాకా వాయించింది. నాన్న డ్యూటీ బట్టల్లోనే పందిరి గుంజ దగ్గర నిలబడి చూశాడు.

ఇంటికొచ్చి అన్నాలు తింటున్నప్పుడు నాన్న, "పరీక్షలయ్యేదాకా ఆ డబ్బా బీరువాలో పెట్టు," అన్నాడు. గిటారు ఇచ్చేయడం గురించి ఎత్తలేదు.

"పెట్టను నాన్నా. చదువుతాను, వాయిస్తాను," అంది అక్క తల వంచకుండా.

నాన్న ముద్ద కలుపుకుని, కంచం ముందుకు జరిపాడు. "చారు ఎయ్యండి," అన్నాడు. అక్క మార్కులు ఆ ఏడు పెరగలేదు, తగ్గనూ లేదు. గిటారు మా ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాతి ఏళ్ళలో మా క్వార్టర్ల వరస కూల్చేశారు. నానమ్మ పోయింది, ఆమెతోపాటు ఆ పాట మాటలూ పోయాయి, బాణీ ఒక్కటే మాకు మిగిలింది. చవితి పందిట్లో ఇప్పుడు డీజే పెట్టెలు, హిందీలో ప్రకటనలు. కాలనీ పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు కనిపించడం లేదు. అక్క కోర్బాలో ఇంజనీరు. సెలవులకు బిలాస్‌పూర్‌లోనే మంగ్లా వైపు ఉన్న నా ఫ్లాటుకు వస్తుంది. మేం వాయిస్తుంటే మొన్న అపార్ట్‌మెంట్ సంఘం నుంచి ఒకాయన వచ్చి, ఈ వయసులో ఇదేమిటన్నట్టు ఇద్దరినీ చూసి, కిటికీలైనా మూసుకోమన్నాడు. వర్షాకాలమండీ, గాలి రావద్దా అన్నాను. ఆయన మెట్లు దిగేలోగా అక్క మళ్ళీ నానమ్మ బాణీ అందుకుంది.